కాటుకతో నడిపిన ప్రింటరు

మొన్న మా ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో ఒక జెరాక్స్ షాపుకి పెన్షన్ కాగితం ప్రింటు తీయించుకోవడానికి వెళ్లాను. షాపు నడిపే అమ్మాయి మన తెలుగు పిల్లే. ప్రింటరులో ఇంకు అయిపోయిందని కొత్త డబ్బా విప్పుతూ ఒకటే గొణుగుడు. "ఏటి తాతగారూ, ఈ ఇంకు డబ్బాలకెట్టిన డబ్బుల్తో ఇంకో ప్రింటరు వొచ్చీసున్ను" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది.

నేను నవ్వింది ఆమెను చూసి కాదు. ఒకప్పుడు నేను రైల్వేవారి ప్రింటరును ఇంట్లో చేసిన కాటుకతో నడిపాను. రెండు నెలలు దివ్యంగా నడిచింది. దానికి నాకో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఏం జరిగిందో షాపులో నిలబడి చెప్పే కథ కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను. ఆ పిల్లా, ఆ పిల్ల ఈడువాళ్లూ చదువుతారని ఆశ. ఇంకు పొదుపు చేసే ఉపాయాలు దారిలో నాలుగు దొరుకుతాయి, ఏరుకోండి. ఏరుకోకూడనిది ఒకటుంది, అదేమిటో మీకే తెలుస్తుంది.

తొంభైల మొదట్లో సంగతి. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆఫీసులకు కొదవ లేదు, నాది ఏదో చెప్పను. పనివాళ్ల సీనియారిటీ జాబితాలు, బదిలీ ఉత్తర్వులు తయారుచేసే చిన్న ఆఫీసు అనుకోండి, చాలు. ఒక శుభముహూర్తాన మాకు కంప్యూటర్ వచ్చింది. దానికోసం ఒక గదికి ఏసీ పెట్టించారు. కొబ్బరికాయ కొట్టాం. మా హెడ్ క్లర్కు మానిటర్ నుదుట సిందూరం బొట్టు పెట్టాడు. అప్పటినుంచి ఆ గదిలోకి చెప్పులు విప్పకుండా ఎవరూ వెళ్లలేదు, సాహెబుతో సహా. నన్ను రెండు వారాలు కలకత్తా పంపి ట్రైనింగ్ ఇప్పించారు. తిరిగొచ్చేసరికి నా పేరు పోయి 'కంప్యూటర్ బాబు' మిగిలింది.

కంప్యూటర్ కంటే దాని పక్కనున్న ప్రింటరే మాకు పెద్ద వింత. హార్మోనియం పెట్టె అంత ఉండేది. నడిస్తే వరండా చివరిదాకా గర్రుమని వినిపించేది. ఇప్పటి ప్రింటర్లలా ఇంకు చిమ్మదు. దాని తలలో తొమ్మిది సన్నటి సూదులుంటాయి. అవి ఒక నల్లటి రిబ్బను మీద పొడుస్తుంటే కాగితం మీద చుక్కలు పడి అక్షరాలవుతాయి. ఆ రిబ్బను ఒక ప్లాస్టిక్ డబ్బాలో చుట్టలు చుట్టలుగా కుక్కి ఉంటుంది. సిరా ఆరిపోతే అక్షరాలు వెలిసిపోతాయి, డబ్బా మొత్తం మార్చాలి. ఆ ఒక్క డబ్బా ధరకు మా ఇంటికి నెల బియ్యం వచ్చేవి. స్టోర్సులో పాత డబ్బా అప్పజెప్పి, మూడు చోట్ల సంతకాలు పెట్టి, రెండు నెలలు ఎదురుచూస్తే కొత్తది దయచేసేది.

అలాంటి రోజుల్లో మాకు కొత్త సాహెబు వచ్చాడు. ఉత్తరాది మనిషి. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే స్వయంగా వెళ్లి ఆపే రకం. వచ్చిన వారానికే నన్ను పిలిచి, రిబ్బన్ల ఖర్చు సగానికి తగ్గాలన్నాడు. "ఆప్ హీ కర్ సక్తే హై, కంప్యూటర్ బాబూ" అన్నాడు. నాకొక జబ్బుంది. నీవల్లే అవుతుందని ఎవరైనా అంటే చాలు, పూరీలా పొంగిపోతాను. ఆ రోజూ పొంగాను.

మొదట బుద్ధిగల పనులే చేశాను. ఏదైనా ముందు తెరమీద చదివి, తప్పులు దిద్ది, ఆ తర్వాతే ప్రింటుకి పంపడం. మామూలు కాగితాలకు పలచటి ప్రింటు, సంతకానికి వెళ్లేవాటికే చిక్కటి ప్రింటు. పాడైన కాగితం రెండో వైపు వాడుకోవడం. నాలుగు కాపీలు అడిగినవాడికి ఒకటి ఇచ్చి, మిగతా మూడూ దేనికో రాసివ్వమనడం. ఈ చివరిది అద్భుతంగా పనిచేసింది, ఎందుకంటే ఎవరూ రాసివ్వలేదు. ఈ ఉపాయాలు ఈ రోజుకీ చెల్లుతాయి. నేను ఇక్కడితో ఆగివుంటే రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఖర్చు తగ్గింది కానీ సగం కాలేదు. దాంతో తిక్క పనులు మొదలుపెట్టాను. ఆరిపోయిన రిబ్బనుకు స్టాంపు ప్యాడ్ సిరా పూశాను. ఊదారంగు అక్షరాలు ఒక గంట వచ్చాయి, ఆ తర్వాత రిబ్బను అప్పడంలా బిగుసుకుపోయింది. మా హెడ్ క్లర్కు నా అవస్థ చూసి జాలిపడ్డాడు. ఆయన బెంగాలీ. మేమంతా బొడొబాబు అనేవాళ్లం. పుట్టింది పెరిగింది ఖరగ్‌పూర్‌లోనే కాబట్టి తెలుగు మాతో సమానంగా మాట్లాడేవాడు.

"దాదా, ఏ మిషనైనా సరే, ఆవనూనె సుక్క ఏస్తే కదలాల్సిందే" అని మర్నాడు ఇంటినుంచి హోమియోపతి సీసాలో ఆవనూనె తెచ్చాడు. వేశాం. అక్షరాలు ఒక రోజు కొంచెం నల్లబడ్డ మాట నిజమే. కానీ కాగితం నిండా నూనె మరకలు, గది నిండా ఘాటు. ఆ జాబితా తీసుకున్న యూనియన్ నాయకుడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏటండీ, ఈ లిస్టులో ఇలిస్ సేప గానీ ఏపినారేటి?" అన్నాడు. బొడొబాబు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను.

ఆమె మా ఆఫీసు ప్యూను. భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. గుండెపోటుతో పోతే, ఆ లెక్కన ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. ఇద్దరు పిల్లలతో ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టర్లో ఉండేది. వాళ్లది విజయనగరం వైపు నుంచి తాతల నాడు వచ్చి రైల్వేలో పాతుకుపోయిన కుటుంబం. మనిషి మాటకారి. టీ గ్లాసు బల్ల మీద పెడుతూ ఒక మాట అనేసి వెళ్లిపోయేది, మనం దానికి జవాబు ఆలోచించుకునేసరికి ఖాళీ గ్లాసు కోసం మళ్లీ వచ్చేది.

ఇంటర్ పాసైంది కాబట్టి, టైపు పరీక్ష నెగ్గితే ఆమె టైపిస్టు కావచ్చు. అవకాశాలు రెండే ఇస్తారు. మొదటిది అంతకు ముందు ఏడాది పోయింది. రెండోది కూడా పోతే రిటైరయ్యేదాకా టీ గ్లాసులూ ఫైళ్లూ మోయడమే. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లే తీరిక ఆమెకు లేదు. అందుకని మా టైపిస్టు ఆయన ఒక ఏర్పాటు చేశాడు. రికార్డు గదిలో పనికిరాదని ఎర్ర రంగుతో 'కండెమ్' రాసి పడేసిన టైపు మిషను ఒకటుండేది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె దానిమీద సాధన చేసుకునేది. టైపిస్టు బల్ల మీద ఒక ట్రే ఉండేది. అందరూ తమ చిత్తుప్రతులు అందులో పడేస్తారు. వాటిలో సులువైనవి ఆమె తీసుకెళ్లి కొట్టుకొచ్చేది. తప్పుల్లేకపోతే ఆయన వాటినే సంతకానికి పంపేసేవాడు. ఆయనకు పని తగ్గుతుంది, ఆమెకు చెయ్యి తిరుగుతుంది.

ఒక మధ్యాహ్నం పాత ఫైలు కోసం ఆ గదిలోకి వెళ్లాను. ఆమె టకటకా కొడుతోంది. కాగితం మీద అక్షరాలు చూసి ఆగిపోయాను. నిగనిగలాడే నలుపు. కండెమ్ మిషనుకు స్టోర్సువాడు చచ్చినా రిబ్బను ఇవ్వడు.

"ఈ రిబ్బను ఎక్కడిదమ్మా?" అన్నాను.

"పాతదే సార్. సచ్చిపోయిన రిబ్బనుకి కాటుక ఎట్టినాను."

"కాటుకేటి?"

"కళ్లకెట్టుకుంటారు గదండి, అదే. ఆముదం దీపం ఎలిగించి పైన ఇత్తడి పళ్లెం బోర్లించీసి ఒగ్గేస్తే, తెల్లారీసరికి మసి పట్టీసుంటాది. దాన్ని గోకి ఆముదంలో రంగరించడమే. మా అత్త నేర్పినాది. మా లైన్లో ఏ పిల్ల పుట్టినా కాటుక నా దగ్గర్నించే ఎల్తాది. బెంగాలీ దీదీలు గూడా గిన్నెలట్టుకుని వొచ్చెత్తారు."

తన కళ్లకు పెట్టుకోవడం భర్త పోయాక మానేసిందని నాకు తెలుసు. నా చూపు ఆమెకు అర్థమైనట్టుంది. "నా కళ్లకి సెల్లకపోనా, అచ్చరాలకి సెల్లుతాది గదండి" అని నవ్వింది.

ఆ మాటకి నేను నవ్వలేదు, ఎందుకంటే సరిగా వినలేదు. నా బుర్ర అప్పటికే ఏసీ గదిలో ఉంది. "మన పెద్ద మిషనుకి కొంచెం చేసి పెట్టగలవా?" అని అడిగాను.

"సేస్తానండి, దానికేటి. కానీ మీ మిషను సంగతి నాకు తెల్దు. దీనికైతే పనయ్యాక రోజూ పళ్లు తోమే బ్రష్షు కిరసనాయిల్లో ముంచి అచ్చులన్నీ తోమాల. నేకపోతే మసి గడ్డకట్టీసి అచ్చరాల కళ్లు మూసుకుపోతాయి. మీ దాన్లో తోమడానికి సోటున్నాదా? అది సూసుకుని మరీ..."

ఆమె ఇంకేదో అంటోంది. నేను గుమ్మం దాటేశాను.

ఆ ఆదివారం ఇంట్లో రిబ్బను డబ్బా విప్పాను. లోపలినుంచి రిబ్బను సేమ్యాలా పొంగి ఒళ్లో పడింది. దాన్ని గజం గజం సాగదీసి, ఆమె ఇచ్చిన కాటుక స్పాంజితో పూసి, మళ్లీ డబ్బాలో కుక్కేసరికి సాయంత్రమైంది. నా చేతులూ, గడపా, పిల్లల స్కూలు యూనిఫాం ఒకటీ నల్లబడ్డాయి. మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. ఒకరోజు ఊరనిచ్చి మంగళవారం ప్రింటరులో పెట్టాను. కొత్త డబ్బాలో కూడా అంత నలుపు నేనెప్పుడూ చూడలేదు.

సాహెబు కాగితం తీసుకుని బొటనవేలితో రుద్ది చూశాడు. చెరగలేదు. "యే కౌన్‌సా రిబ్బన్ హై?" అన్నాడు.

"పాతదే సాబ్. మేరా అప్నా ఎక్స్‌పెరిమెంట్ హై" అన్నాను.

నా సొంత ప్రయోగమట. ఆ మాట అన్నప్పుడు ఆమె గుమ్మంలో టీ ట్రేతో నిలబడి ఉంది. సాహెబు గ్లాసు సాహెబుకిచ్చి, నా గ్లాసు నాకిచ్చి వెళ్లిపోయింది. టీ ఎప్పటిలాగే బాగుంది.

రెండు నెలలు మేం ఒక్క రిబ్బను కూడా అడగలేదు. స్టోర్సువాడు ప్రింటరు మూలపడిందేమోనని వచ్చి చూసి వెళ్లాడు. వారం వారం ఆమె ఒక చిన్న రేకు డబ్బాలో కాటుక తెచ్చిచ్చేది. ఆముదం సీసా నేను కొనిచ్చేవాణ్ణి, అదీ ఏదో ఉపకారం చేస్తున్నట్టు. ఆఫీసులో పొదుపు పక్షోత్సవం జరిగితే నన్ను వేదిక మీదికి పిలిచి సర్టిఫికెట్ ఇచ్చారు. స్వీయ ప్రతిభతో రిబ్బన్ల ఖర్చు నివారించినందుకని అందులో ఉంది. ఆ సర్టిఫికెట్ అచ్చయింది కూడా అదే ప్రింటరులో, అదే కాటుకతో. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. దిగి వస్తుంటే, "సర్టిఫికెట్టు బాగున్నాది సార్. దిష్టి తగలకుండా దీనికీ ఓ కాటుక సుక్క ఎట్టండి" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికెళ్లి ఫ్రేము కట్టించాక గానీ ఆ మాటలో ముల్లు దిగలేదు. దిగినా, తీసి పక్కన పెట్టేశాను.

డిసెంబరు చలి ముదిరాక ప్రింటరు మొరాయించడం మొదలుపెట్టింది. ముందు అక్షరాల మధ్య ఒక తెల్ల గీత వచ్చింది. రెండు రోజులకు మూడు గీతలయ్యాయి. నేను రిబ్బనుకు ఇంకొంచెం కాటుక దట్టించాను. సోమవారం పొద్దున్న సీనియారిటీ జాబితా సగం కొట్టి, గుర్రుమని ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఆ జాబితా కోసం నలభైమంది వరండాలో నిలబడి ఉన్నారు. చివరికి దాన్ని చేత్తో రాసి అంటించాం. ఆ పని ముగిశాక టైపిస్టు ఆయన ముందే పెట్టుకున్న సెలవు మీద ఊరెళ్లాడు.

కలకత్తా నుంచి మెకానిక్కు వచ్చాడు. తెల్ల స్వెట్టరు, మాట తక్కువ. ప్రింటరు తల ఊడదీసి దీపం కింద పెట్టి చూశాడు. తొమ్మిది సూదులూ, అవి వచ్చిపోయే సన్నటి రంధ్రాలూ, అన్నీ కలిసి నల్లటి ముద్దయిపోయి ఉన్నాయి. వేలికి అంటించుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఆ వాసన ఆయనకు వాళ్లమ్మను గుర్తు చేసి ఉండాలి.

"ఎటా తో కాజోల్!" అన్నాడు. ఇది కాటుక కదా అని. తర్వాత నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా, "దాదా, ప్రింటర్ కో చష్మా భీ పహనాయా థా క్యా?" అని అడిగాడు, కాటుకతో పాటు కళ్లజోడు కూడా పెట్టి చూశారా అని.

తల మార్చాల్సిందే అన్నాడు. దాని ధర విని సాహెబు కుర్చీలో కూర్చున్నాడు. అంతవరకూ నిలబడి ఉన్నాడు. మేం ఆదా చేసిన రిబ్బన్లే కాదు, ఇంకో రెండేళ్లు వాడబోయే రిబ్బన్ల డబ్బు కూడా ఆ తలలోకే పోతుంది. నన్ను చూడకుండానే, బుధవారం సాయంత్రానికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నాడు. నా ప్రమోషన్ ఫైలు అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది.

బొడొబాబు నన్ను పక్కకు తీసుకెళ్లాడు. నా మీద అభిమానంతోనే చెప్పాడు, అది ఒప్పుకోవాలి. "ఇను దాదా. కాటుక సేసిందెవరు? ఆమె. తెచ్చి ఇచ్చిందెవరు? ఆమె. అదే రాయి. అబద్ధం కాదు గదా. ప్యూనుకి ఓ వార్నింగు ఇస్తారు, ఖతం. నీ ప్రమోషన్ మాత్రం నిలబడతాది."

ఖతం కాదని నాకు తెలుసు. విచారణ మెమో ఉన్నవాళ్ల పేరు పరీక్ష జాబితాలోంచి కొట్టేస్తారు. ఆ నియమం ఎంతోమంది ఫైళ్లలో నేనే నా చేత్తో రాశాను. ఆమె టైపు పరీక్ష ఆ శనివారమే. బొడొబాబుకి ఆ సంగతి తట్టలేదేమో. నాకు తట్టింది. తట్టినా రాశాను. భయపడ్డాను, అంతకంటే చెప్పుకోదగ్గ కారణం ఏదీ లేదు. సదరు నల్లని పదార్థాన్ని ఆఫీసు ప్యూను తయారుచేసి సరఫరా చేసిందనీ, దాని గుణదోషాలు నాకు తెలియవనీ, సద్భావంతో వాడాననీ మంచి ఇంగ్లీషులో రాశాను. సిగ్గుపడుతూనే రాశాను గానీ, దస్తూరీ మాత్రం గుండ్రంగా కుదిరింది.

బుధవారం పొద్దున్న ఆ చిత్తుప్రతి బొడొబాబు చేతిలో పెట్టి, ఎక్కడైనా టైపు చేయించమన్నాను. నా మనసు బాగాలేదు. స్టేషను దాకా నడిచి టీ తాగి, ఇంటికెళ్లి భోంచేసి, రెండు దాటాక తిరిగొచ్చాను.

నా బల్ల మీద పేపరువెయిట్ కింద టైపైన కాగితం ఉంది. ఒరిజినలూ, రెండు కార్బన్ కాపీలూ. నిగనిగలాడే నలుపు. ఆ నలుపు ఏ మిషనుదో చూడగానే తెలిసిపోయింది. బొడొబాబు ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ దాన్ని టైపిస్టు బల్ల మీది ట్రేలో పడేశాడు. టైపిస్టు లేడు. ఎప్పటిలాగే భోజనాల వేళ ఆమె ట్రేలోవి తీసుకెళ్లి కొట్టుకొచ్చింది.

చదివాను. మొదటినుంచి చివరిదాకా ఒక్క తప్పు లేదు. నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టి ఉంది. తలెత్తితే ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"మీ కాగితం సార్. తప్పులేటైనా ఉంటే సెప్పండి, మళ్లీ కొడతాను."

"ఇది... సదివినావా?" అన్నాను.

"కొట్టీటప్పుడు సదవకూడదని టైపిస్టుగారు సెప్పినారండి. సదివితే స్పీడు తగ్గిపోతాదట. కానీ కళ్లున్నాయి గదండి."

ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. కాగితం మీదికి వంగి ఒక చోట వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ బ్రష్షు సంగతి నేదండి. తోమాలని, మీ దాన్లో సోటున్నాదో నేదో సూసుకోమని ఆవేళ సెప్పినాను గదా. ఆ ముక్క మీరు రాయడం మర్సిపోయినారేమోనని అడుగుతన్నాను."

నా ఉద్యోగ జీవితంలో ఎందరో సాహెబులు నన్ను చెడామడా తిట్టారు. ఏ తిట్టూ నన్ను ఇంత కిందికి దించలేదు. మర్చిపోలేదమ్మా అన్నాను. మూడు కాపీలూ కలిపి నాలుగు ముక్కలు చేశాను. ఆమె చూస్తుండగానే తెల్ల కాగితం తీసి చేత్తో రాశాను. ఉపాయం ప్యూనుది, ఆమె తన టైపు మిషనుకు దాన్ని జాగ్రత్తగా వాడుకుంటోంది. ప్రింటరుకు వాడాలన్న ఆలోచన నాది. శుభ్రం చేసే వీలుందో లేదో చూసుకోమని ఆమె ముందే చెప్పింది, నేను వినలేదు. నా సొంత ప్రయోగమని చెప్పుకున్నది అబద్ధం. తప్పు పూర్తిగా నాది. దస్తూరీ ఈసారి కోడి కెలికినట్టు వచ్చింది.

సాహెబు రెండుసార్లు చదివాడు. "ఔర్ వో సర్టిఫికెట్?" అన్నాడు.

"వాపస్ కర్ దూంగా సాబ్."

ఆయన బొడొబాబును పిలిచి, ఇచ్చిన సర్టిఫికెట్ వెనక్కి తీసుకోవడానికి నియమం ఏదైనా ఉందా చూడమన్నాడు. బొడొబాబు రెండు రోజులు రూల్సు పుస్తకాలన్నీ తిరగేశాడు. ఇవ్వడానికి నియమాలు బోలెడున్నాయి, వెనక్కి పుచ్చుకోవడానికి ఒక్కటీ లేదు. చివరికి నాకు ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపేశారు, ప్రమోషన్ ఫైలు సాహెబు బల్ల మీదినుంచి బీరువాలోకి వెళ్లింది, సర్టిఫికెట్ మాత్రం నాకే మిగిలింది. నా సర్వీసు ఫైలులో ఆ మెప్పూ ఈ శిక్షా పక్కపక్కనే ఉండేవి. తర్వాత వచ్చిన ప్రతి సాహెబూ ఆ రెండు కాగితాలూ చదివి, తలెత్తి నన్నోసారి చూసేవాడు.

పరీక్షకు ఎవరి మిషను వాళ్లే తెచ్చుకోవాలి. ఆమె చెయ్యి అలవాటు పడింది కండెమ్ మిషనుకే కాబట్టి దాన్నే తీసుకెళ్లడానికి సాహెబు దగ్గర అనుమతి తెచ్చాం. శుక్రవారం మధ్యాహ్నం నేను ఒక పాత టూత్ బ్రష్షూ, గిన్నెలో కిరసనాయిలూ పెట్టుకుని రికార్డు గదిలో కూర్చుని అచ్చులన్నీ ఒక్కొక్కటే తోమాను. ఆమె వచ్చి వంగి చూసి, "ఈ పక్కన మూడింటికీ ఇంకా కళ్లు తెరుసుకోనేదండి" అంది. మళ్లీ తోమాను. శనివారం పొద్దున్న ఆ మిషనును రిక్షాలో పెట్టి, పడిపోకుండా ఒక పక్క నేనూ ఒక పక్క బొడొబాబూ పట్టుకుని నడిచాం. ట్రాఫిక్ కాలనీ వాళ్లు గుమ్మాల్లోంచి చూస్తూ, "ఏటండీ, ఊరేగింపా?" అని అడిగారు.

పది రోజులకు ఫలితాలొచ్చాయి. పాసైంది. ఆ మధ్యాహ్నం మట్టి కుండలో వేడి రసగుల్లాలు పట్టుకుని ఆఫీసంతా తిరిగింది. అందరికీ ఇచ్చి చివర్లో నా బల్ల దగ్గరికి వచ్చింది. నేను అప్పటికి ఆమెకు సరిగ్గా క్షమాపణ చెప్పలేదు. ఇంట్లో నాలుగు రకాలుగా చెప్పుకుని చూశాను గానీ ఎదురుపడితే ఏదో ఒక ఫైలు తెరిచి తల దించుకునేవాణ్ణి. లేచి నిలబడి, "ఆవేళ ఆ కాగితం..." అని మొదలుపెట్టాను.

"ఆ కాగితమాండీ?" అంది. ఆకు దొన్నెలో రెండు రసగుల్లాలు వేస్తూ, ఎప్పటిలాగే మాట్లాడింది. "కొడతన్నప్పుడు ప్యూను అన్న మాట వొచ్చినకాడ సెయ్యి ఆగిపోతాదేమో అనుకున్నాను సార్. ఆగనేదు. కన్నీళ్లొచ్చినాయి గానీ తప్పు పడనేదు. అప్పుడే తెలిసిపోనాది, శనివారం నాకు ఢోకా నేదని."

దొన్నె నా చేతిలో పెట్టి, "సల్లారిపోతాయి, తినండి" అని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

నేను కూర్చుని ఒకటి నోట్లో పెట్టుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది.